ముందు ప్లానా, ముందు చిత్తుప్రతా?

పెద్ద రాతపనికి రెండు దారులున్నాయి. శీర్షికల వారీగా ప్లాన్ వేసుకుని రాయడం ఒకటి, తోచింది తోచినట్టు చిత్తుప్రతి రాసేసి తర్వాత సర్దుకోవడం రెండోది.

పరిశోధన వ్యాసం, ఆఫీసు రిపోర్టు లాంటివాటికి ప్లానే నయం. 3,000 పదాల రిపోర్టుకు ఐదారు శీర్షికలు చాలు. ఒక్కోదాని కింద "ఖర్చులు" అని ముక్తసరిగా కాక, "ఖర్చు పెరగడానికి కారణం రవాణా" అని పూర్తి వాక్యం రాయండి. ఆ వాక్యం కుదరలేదంటే అక్కడ సమాచారం చాలలేదన్నమాట. ఆ సంగతి గడువు ముందురోజు కాక మొదటిరోజే తెలుస్తుంది. చిక్కల్లా ప్లాన్‌కే మెరుగులు దిద్దుతూ కూర్చోవడం. పని జరుగుతున్నట్టే ఉంటుంది, పేజీ మాత్రం ఖాళీ! ప్లాన్‌కు పెట్టే సమయాన్ని మొత్తంలో ఐదో వంతు దాటనివ్వకండి.

ఏం చెప్పాలో మనకే తేలనప్పుడు చిత్తుప్రతి మేలు. దరఖాస్తులో స్వపరిచయం, జ్ఞాపకాలు, నొప్పించకుండా రాయాల్సిన ఉత్తరం ఈ కోవలోవే. 25 నిమిషాలకు టైమర్ పెట్టి, వెనక్కి వెళ్లి దిద్దకుండా రాయండి. గుర్తురాని తేదీ దగ్గర చుక్కలు పెట్టి సాగిపోండి. అసలు కష్టం తర్వాతే, రాసింది కొట్టేయడానికి చెయ్యి రాదు. ప్రతి పేరా పక్కన అది చెప్పేదేమిటో ఒక్క వాక్యంలో రాయండి. రెండు చోట్ల ఒకే వాక్యం వస్తే ఒక పేరా తీసేయండి. ఏ వాక్యమూ తోచకపోతే ఆ పేరా పోవాల్సిందే. అసలు విషయం తరచూ మూడో పేరాలో నక్కి ఉంటుంది, దాన్ని పైకి తెండి.

థీసిస్‌కు రెండూ కావాలి: మొత్తానికి ప్లాన్, ఒక్కో అధ్యాయానికి చిత్తుప్రతి. పరిచయ అధ్యాయం మాత్రం ఆఖర్న రాయండి.