పేస్‌మేకర్ల రిమోట్ చెకప్ సాఫ్ట్‌వేర్: మూడేళ్లు వాడాక

నెల్లూరు పొగతోటలో ఒక గుండె డాక్టరు గారి దగ్గర డివైస్ క్లినిక్ చూసుకుంటాను. పేస్‌మేకరో, ఐసీడీయో (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే పరికరం), లూప్ రికార్డరో (గుండె లయను రికార్డు చేసే చిన్న పరికరం) పెట్టించుకుని ఇంటి నుంచే రిపోర్టు పంపేవాళ్లు మాకు 130 మంది దాకా ఉన్నారు. మూడేళ్ల కిందటి వరకు వీళ్లందరి తేదీలు ఒక లాంగ్ సైజు రిజిస్టరులో ఉండేవి. తర్వాత ఈ సాఫ్ట్‌వేర్ కొన్నారు. దాని పేరు రాయడం లేదు, అమ్మిన డీలరుతో మాకింకా పని ఉంది.

ఈ రంగంలో ఒక్కో కంపెనీకి ఒక్కో వెబ్‌సైటు. మెడ్‌ట్రానిక్‌ది కేర్‌లింక్, అబాట్‌ది మెర్లిన్, బోస్టన్ సైంటిఫిక్‌ది లాటిట్యూడ్, బయోట్రానిక్‌ది హోమ్ మానిటరింగ్. పొద్దున్నే నాలుగింట్లోనూ లాగిన్ అయి ఎవరి రిపోర్టు వచ్చిందో చూసి రాసుకునేదాన్ని. ఇప్పుడు అవన్నీ ఒకే తెర మీదికి వస్తాయి. పేస్‌మేకర్‌కు, ఐసీడీకి మూడు నెలలకోసారి, లూప్ రికార్డర్‌కు నెలకోసారి అని మేం పెట్టుకున్న లెక్క ప్రకారం తర్వాతి తేదీ అదే వేస్తుంది.

తేదీల కోసమే అయితే ఇంత డబ్బు పెట్టక్కర్లేదు, అవి రిజిస్టరూ చెప్పేది. నాకు పనికొచ్చింది 'డిస్‌కనెక్టెడ్' జాబితా, అంటే ఇంటి నుంచి రిపోర్టు పంపే డబ్బా ఎవరిది ఆగిపోయిందో చూపేది. మంచం పక్కన డబ్బా ఉంది, ఏమన్నా అయితే డాక్టరుకు తెలిసిపోతుందిలే అని ఇంట్లోవాళ్లు ధీమాగా ఉంటారు. ఆ డబ్బా ఆగిపోతే మాకు ఏమీ రాదు. ఏమీ రాలేదంటే అంతా బాగుందనే అనుకుంటాం. ఉదయగిరి వైపు ఒక పెద్దాయన డబ్బా పన్నెండు రోజులుగా పలకడం లేదని జాబితాలో చూసి ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది.

"డబ్బాలో లైటు వెలుగుతోందా అమ్మా?"

"లేదమ్మాయ్, మిక్సీకి ప్లగ్గు చాల్లేదని తీసినాం. మళ్లా పెట్టాల్నా?"

పెట్టించిన మర్నాడే రిపోర్టు వచ్చింది, బ్యాటరీ మార్చాల్సిన దశకు పది రోజుల కిందటే చేరిందని. దాన్ని ఈఆర్ఐ అంటాం. ఆ గుర్తు పడ్డాక మామూలుగా మూడు నెలల వ్యవధి ఉంటుంది. అందులో ఆ పది రోజులు అప్పటికే మిక్సీ తినేసింది.

నన్ను ఏడిపించింది మాత్రం పేర్లు. పెంచలకోన స్వామి దయవల్ల నెల్లూరులో పెంచలయ్యలకు కొదవ లేదు, మా జాబితాలోనే నలుగురు. పుట్టిన సంవత్సరం తప్ప తేదీ తెలియని పెద్దవాళ్లకు కాగితాల్లో జనవరి 1 వేసేస్తారు కదా, ఇద్దరు పెంచలయ్యలకు తేదీ, సంవత్సరం రెండూ కలిశాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లిద్దరినీ ఒక్కరిని చేసేసింది. కావలి పెంచలయ్యకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పైగదుల లయ తప్పడం) అని అలర్టు వస్తే నేను ఫోన్ చేసింది ఆత్మకూరు పెంచలయ్యకు. పాపం ఆయన టెన్షన్ పడి మొదటి బస్సుకే వచ్చేశాడు. డివైస్ సీరియల్ నంబరును బట్టే జత చేసే సెట్టింగు లోపలెక్కడో ఉందట. కొన్న రోజే దాన్ని ఆన్ చేయించుకోండి.

టైము గొడవ ఇంకొకటి. మాకిచ్చిన దాంట్లో గంటలు యూటీసీ అనే అంతర్జాతీయ టైములో ఉండేవి, అంటే మన టైముకు ఐదున్నర గంటలు వెనక. ఐసీడీ ఉన్నాయన "తెల్లవారుజామున మూడింటికి గుండె మీద గుద్దినట్టయింది" అంటే తెర మీద ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకు షాక్ అని ఉంది. రెండు షాక్‌లా అని డాక్టరు గారు కంగారుపడ్డారు. ఒక్కటే. ఎనిమిది నెలలు అడిగితే సరిచేశారు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు కరెంటు పోయినప్పుడు డిస్‌కనెక్టెడ్ జాబితా ఒక్క రోజులో చాంతాడంత అయింది. ఎవరు ఏ మండలమో తెలిస్తే, కరెంటు వచ్చిన ఊళ్లవాళ్లకు ముందు ఫోన్ చేయొచ్చు. మండలం గడి అసలు లేదు, పిన్‌కోడ్ ఉంది. ఆ వారమంతా ఎక్సెల్‌లోకి దించుకుని మండలాలు చేత్తో రాసుకున్నాను. గుర్తుచేసే ఎస్సెమ్మెస్‌లూ ఇంగ్లీషులోనే వెళ్తాయి. వాటిని చదివి డబ్బా సరిచేసుకున్నవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు.

ఇది ఎమర్జెన్సీ సేవ కాదని రోగులకు మొదట్లోనే చెప్పాలి. రాత్రి వచ్చిన అలర్టు నేను పొద్దున తొమ్మిదికి గానీ చూడను. 2023లో హార్ట్ రిథమ్ సొసైటీ అనే గుండె లయ నిపుణుల సంఘం, ఇతర సంఘాలు కలిసి ఇచ్చిన సూచనల్లో వెయ్యి మంది రోగులకు కనీసం ముగ్గురు సిబ్బంది ఉండాలన్నారు. ఆ లెక్కన మా 130 మందికి అర మనిషి కూడా అక్కర్లేదు. ఆ అర మనిషిని నేనే, మిగతా సగం ఈసీజీలు తీస్తుంది.

మార్చిలో రెన్యువల్ ఉంది. కట్టమనే చెప్పాను, కాకపోతే మండలం గడి, తెలుగు ఎస్సెమ్మెస్ ఎప్పటికిస్తారో ముందు కాగితం మీద రాయించుకోమన్నాను.