నాలుగేళ్లు వాడాక: వొలేరే కార్డులో నన్ను నిలబెట్టిన గడి

సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో, అంటే రిక్వైర్‌మెంట్లు, ఒక్కోటి ఒక్కో కార్డు మీద గళ్లలో రాసుకునే నమూనా వొలేరే టెంప్లేట్. అది 1995 నుంచి ఉన్నదే. రిక్వైర్‌మెంట్లు రాసేవాళ్లకి దాని కార్డులో ఏ గడి ఎందుకో తెలుసు కాబట్టి ఆ జోలికి పోను. నేను రాస్తున్నది ఫిట్ క్రైటీరియన్ గడి గురించే. మా తెలుగు కార్డులో దాని పేరు ‘అయిందని ఎట్టా తేలుద్ది?’. ఆ గడంటే నాకు ప్రాణం. దాన్ని ఖాళీగా వదిలితే ఏమవుతుందో కళ్లారా చూశాను.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టుకి పట్టీలు, అంటే రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు, రాసే సాఫ్ట్‌వేర్ చేశాం. గుమస్తా గారు చెప్పింది చెప్పినట్టే కార్డు మీద ఎక్కించాను: ‘తూకంలో గ్రాములు వదిలేయాలి.’ ఎవరు చెప్పారో రాశాను, ఎందుకో రాశాను. ఇంత చిన్నదానికి తేల్చుకునేదేముందని ఆ గడి మాత్రం వదిలేశాను.

మార్చిలో సరుకు ముమ్మరంగా దిగుతున్న రోజు. 52 టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్మిన రైతు పట్టీ పట్టుకుని వెనక్కొచ్చాడు. కాటా దగ్గర నిలబడి ఒక్కో టిక్కీ తూకం అట్టముక్క మీద పెన్సిల్‌తో రాసుకున్నాడాయన. మా పట్టీలో 23 కిలోలు తక్కువ. ఆనాటి ధరకి 3,000 రూపాయల పైమాటే.

గుమస్తా గారు అట్టముక్క చూసి, ‘టిక్కీ టిక్కీకీ గ్రాములు కొట్టేస్తారా బాబూ? మొత్తం కూడినాక కదా!’ అన్నారు. మేం టిక్కీకొకసారి కొట్టేశాం. ఆ రాత్రి అప్పటిదాకా ఇచ్చిన పట్టీలన్నీ మళ్లీ లెక్కేశాం. షావుకారు రైతులందరికీ తేడా కట్టారు. ఆ రైతు ముఖం ఇప్పటికీ గుర్తుంది నాకు.

ఇప్పుడు ఆ గడిలో ఇలా ఉంటుంది: 41.600, 40.700, 42.900 కిలోల టిక్కీలు మూడు వస్తే పట్టీలో 125 పడాలి, 123 పడితే తప్పు. రాసింది గుమస్తా గారే, ఆయన చేతిరాతతోనే.

మొదటి ఏడాది గళ్లన్నీ నింపి తీరాలని కనిపించినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఇది ఉంటే ఎంత సంతోషం, లేకపోతే ఎంత కష్టం అని 1 నుంచి 5 దాకా మార్కులు వేసే గళ్లు రెండున్నాయి. షావుకారు అన్నిటికీ 5 వేశారు. ఆయనకి అన్నీ కావాల్సినవే మరి. ఆ రెండూ తీసేశాం.

బ్రాడీపేటలో ఇద్దరం కూర్చుని చేసే పని మాది. అనుమానం వస్తే బండేసుకుని యార్డుకెళ్లి అడిగొస్తాం. అడగాల్సిన మనిషి దూరాన ఉన్నవాళ్లకి మేం తీసేసిన గళ్లు కూడా అవసరపడొచ్చు. మాకైతే ఆ గడి నిండాకే కోడు మొదలవుతుంది. మొన్న కోల్డ్ స్టోరేజీ రసీదుల పని మొదలుపెట్టడానికి వెళ్తే, గుమస్తా గారు అడక్కముందే పాత రసీదులు నాలుగు తీసి బల్ల మీద పరిచారు.