ఏడీఎఫ్4351 బోర్డు: మూడేళ్ళ వాడకం తర్వాత ఫేజ్ నాయిస్ సంగతి

ఏడీఎఫ్4351 అంటే అడిగిన ఫ్రీక్వెన్సీని తయారుచేసిచ్చే పీఎల్‌ఎల్ (ఫేజ్ లాక్డ్ లూప్) చిప్పు. తన సిగ్నల్‌ని స్థిరమైన రిఫరెన్స్‌తో పోల్చుకుంటూ సరిదిద్దుకుంటుంది. ఆ సిగ్నల్‌లో, అంటే క్యారియర్‌లో, మిగిలిపోయే వణుకే ఫేజ్ నాయిస్. చిప్పుకి పదికి ఎనిమిది మార్కులు, అది కూర్చున్న బోర్డుకి నాలుగు. 865 మెగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్ లింకుల్లో లోకల్ ఆసిలేటర్‌గా మూడేళ్ళు నడిచాక తేలింది ఇది. 35 నుంచి 4400 మెగాహెర్ట్జ్ దాకా ఒక్క చిప్పే ఇస్తుంది, వీసీఓ (వోల్టేజ్‌ని బట్టి ఫ్రీక్వెన్సీ మారే ఆసిలేటర్) కూడా లోపలే ఉంటుంది. ఆన్‌లైన్‌లో దొరికే పేరులేని బోర్డుల్లో పని చెడగొట్టేది చుట్టూ అతికించిన చవక సామానే.

మొదటి దోషి రెగ్యులేటర్. ఈ బోర్డుల మీద మామూలుగా ఉండే ఏఎమ్ఎస్1117 నాయిస్, అవుట్‌పుట్ వోల్టేజ్‌లో 0.003 శాతం. అంటే 3.3 వోల్టుల దగ్గర సుమారు 100 మైక్రోవోల్టులు. అదంతా నేరుగా వీసీఓని కదిలిస్తుంది. లూప్ బ్యాండ్‌విడ్త్ (లూప్ ఎంత వేగమైన మార్పుల దాకా అందుకోగలదో ఆ హద్దు) లోపలి తప్పుని లూప్ సరిదిద్దుకుంటుంది కానీ, బయటిదాన్ని పట్టించుకునే నాథుడు లేడు. వీసీఓ సప్లై ట్రాక్ కోసేసి అక్కడ ఎల్‌టీ3042 పెట్టండి. దాని నాయిస్ 0.8 మైక్రోవోల్టులు. సెట్ పిన్ దగ్గర 33 కిలోఓమ్‌లు, 4.7 మైక్రోఫారడ్ చాలు. డిజిటల్ సప్లైని పాత రెగ్యులేటర్ మీదే వదిలేయండి, రెండూ కలవకూడదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు క్యారియర్‌కి అటూ ఇటూ 100 హెర్ట్జ్ దూరంలో కొమ్ములు లేస్తే అది చిప్పు తప్పు కాదు. అడాప్టర్ తీసి బ్యాటరీ మీద చూడండి.

అసలు లాభం మాత్రం రిజిస్టర్లలో ఉంది, పైసా ఖర్చు లేదు. 1 మెగాహెర్ట్జ్ మెట్లు కావాలని, 25 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్‌ని భాగించే ఆర్ కౌంటర్‌లో 25 రాసి, రెండు సిగ్నళ్ళనీ పోల్చే ఫేజ్ డిటెక్టర్‌ని 1 మెగాహెర్ట్జ్‌కి దించేవాళ్ళు చాలామంది. లూప్ లోపలి నాయిస్ లెక్క ఇది: చిప్పు సొంత అంకె మైనస్ 220, దానికి 20 లాగ్ ఎన్ (వీసీఓ ఫ్రీక్వెన్సీ ఫేజ్ డిటెక్టర్ ఫ్రీక్వెన్సీకి ఎన్ని రెట్లో అది ఎన్), 10 లాగ్ ఫేజ్ డిటెక్టర్ ఫ్రీక్వెన్సీ కలపాలి. 2425 దగ్గర ఫేజ్ డిటెక్టర్ 25 మెగాహెర్ట్జ్ అయితే ఎన్ 97, నాయిస్ మైనస్ 106 డీబీసీ పర్ హెర్ట్జ్ (ఒక హెర్ట్జ్ వెడల్పులో క్యారియర్ కంటే ఎన్ని డీబీ తక్కువో). 1 మెగాహెర్ట్జ్ అయితే మైనస్ 92. చేతులారా 14 డీబీ పారేసుకున్నట్టే. మెట్లు చిన్నవి కావాలంటే ఎన్‌ని భిన్నంగా పెట్టే ఫ్రాక్షనల్ భాగం ఉంది కదా! అయితే ఆర్ మార్చినప్పుడు వీసీఓ బ్యాండ్ ఎంపికకి క్లాక్ ఇచ్చే బ్యాండ్ సెలెక్ట్ డివైడర్ కూడా మార్చాలి. 1 మెగాహెర్ట్జ్‌కి పెట్టిన 8 అలాగే ఉంటే, 25కి మారగానే ఆ క్లాక్ 3 మెగాహెర్ట్జ్ దాటిపోతుంది. చిప్పు తప్పు బ్యాండ్ ఎంచుకుని లాక్ కాదు. 200 పెడితే 125 కిలోహెర్ట్జ్.

ఇక ఇంటిజర్ బౌండరీ స్పర్, అంటే అడిగిన ఫ్రీక్వెన్సీ ఫేజ్ డిటెక్టర్ పూర్ణాంక రెట్టుకి (సరిహద్దుకి) దగ్గరైతే పక్కన లేచే అక్కర్లేని కొమ్ము. 2425.2 మెగాహెర్ట్జ్ అడిగితే, 25కి 97 రెట్లయిన 2425 పక్కనే ఉంది కాబట్టి 200 కిలోహెర్ట్జ్ దూరంలో స్పర్ లేస్తుంది. ఆర్‌ని 2 చేస్తే పోదు, 12.5కి 194 రెట్లు కూడా అదే 2425. రిఫరెన్స్ డబ్లర్ ఆన్ చేసి ఆర్ 3 పెట్టండి. ఫేజ్ డిటెక్టర్ 16.67 మెగాహెర్ట్జ్ అవుతుంది. ఇంట్ 145, ఫ్రాక్ 64, మాడ్ 125 (అంటే ఎన్ = 145 + 64/125), బ్యాండ్ సెలెక్ట్ 134. సరిహద్దు 8 మెగాహెర్ట్జ్ అవతలికి పోతుంది. నాయిస్‌లో 2 డీబీ లోపే నష్టం. భిన్నం సగానికి దగ్గర కాబట్టి 400 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న స్పర్ మిగులుతుంది కానీ, లూప్ ఫిల్టర్ దాన్ని అణిచేస్తుంది. 865 వాళ్ళకి ఈ బాధే లేదు. వీసీఓ 3460 దగ్గర తిరుగుతుంది, సరిహద్దు 3450 దగ్గర ఉంది. పైగా నాలుగుతో భాగించినందుకు 12 డీబీ ఉచితం.

లూప్ ఫిల్టర్ బ్యాండ్‌విడ్త్ ఎంత? డేటాషీట్‌లో వీసీఓ నాయిస్ 10 కిలోహెర్ట్జ్ దగ్గర మైనస్ 89, 100 దగ్గర మైనస్ 114. లూప్ నాయిస్ మైనస్ 106తో ఇది కలిసేది 48 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల. 40 పెట్టుకుంటే నిశ్చింత. ఫేజ్ తేడాని కరెంటుగా ఫిల్టర్‌లోకి పంపే చార్జ్ పంప్ 2.5 మిల్లీయాంప్‌ల దగ్గర మొదటి కెపాసిటర్ 6.8 నానోఫారడ్, రెండోది 39 నానోఫారడ్, దానితో సిరీస్‌లో 270 ఓమ్‌లు. ఫేజ్ మార్జిన్ 48 డిగ్రీలు వస్తుంది. కెపాసిటర్లు మాత్రం ఎన్‌పీఓ (విలువ నిలకడగా ఉండే సిరామిక్) రకమే కావాలి. కోఠీ గుజరాతీ గల్లీలో "అన్నా, ముప్పైతొమ్మిది నానో" అని ఊరుకుంటే ఎక్స్7ఆర్ అనే మామూలు సిరామిక్ రకం చేతిలో పెట్టే అవకాశమే ఎక్కువ. "ఎన్‌పీఓ" అని గట్టిగా అడగండి, లేకపోతే ఫిల్మ్ తీసుకోండి. తేడా చూడాలంటే ఎక్స్7ఆర్ మీద పెన్సిల్ వెనక భాగంతో తట్టండి. తట్టినప్పుడల్లా స్పెక్ట్రమ్ ఎనలైజర్ తెర మీద క్యారియర్ అడుగు భాగం ఉబ్బుతుంది. ఎన్‌పీఓ మీద ఎంత తట్టినా ఉలకదు.

రిఫరెన్స్ నాయిస్ కూడా 97 రెట్లు, అంటే 40 డీబీ పెరుగుతుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర మైనస్ 145 ఉన్న టీసీఎక్స్‌ఓ (వేడి మార్పుని సర్దుకునే క్రిస్టల్ ఆసిలేటర్) అయితేనే చిప్పుకి తగిన జోడీ. మైనస్ 130 రకం పెడితే పై కష్టమంతా బూడిదలో పోసినట్టే. దాని మీద సీలింగ్ ఫ్యాన్ గాలి తగలకుండా ఒక ప్లాస్టిక్ మూత బోర్లించండి, సీసా మూతైనా సరే.

పూర్తి డిజిటల్ పీఎల్‌ఎల్ ముందు ఇది పాతబడిపోయిందా అని అడిగేవాళ్ళున్నారు. అందులో ఫేజ్ తేడాని సమయంగా కొలిచి అంకెగా మార్చేది టైమ్-టు-డిజిటల్ కన్వర్టర్. 20 పికోసెకన్ల మెట్టున్న కన్వర్టర్, 26 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్‌తో 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర లెక్క కట్టండి. మెట్ల వల్ల వచ్చే క్వాంటైజేషన్ నాయిస్ ఒక్కటే మైనస్ 95 తెస్తుంది. మెట్టు సగమైన ప్రతిసారీ 6 డీబీ తగ్గుతుంది కాబట్టి, ఈ మైనస్ 106ని అందుకోవాలంటే దాదాపు 6 పికోసెకన్లకి దిగాలి.

మే నెల మధ్యాహ్నం లాక్ దీపం (లూప్ కుదురుకుందని చెప్పేది) మిణుకుమంటే వీసీఓ ట్యూనింగ్ వోల్టేజ్‌ని మీటర్‌తో చూడండి. 0.5 నుంచి 2.5 వోల్టుల మధ్య లేకపోతే ఆర్0 రిజిస్టర్ మళ్ళీ రాస్తే చాలు, బ్యాండ్ కొత్తగా ఎంచుకుంటుంది. నాయిస్ కొలిచే ముందు ఆ మీటర్ వైరు తీసేయడం మరిచిపోకండి, అది యాంటెనాలా పనిచేస్తుంది.