బంగారు సాలెగూళ్ల కోసం: టైడానా, మారేడుమిల్లా?

జెయింట్ గోల్డెన్ ఆర్బ్ వీవర్, అంటే నెఫిలా పిలిపెస్ సాలీడును చూడాలని అరకులో గది తీసుకునేవాళ్లే ఎక్కువ. అక్కడే దెబ్బ తింటారు. అరకు హోటళ్ల చుట్టూ ఉండేవి పొలాలూ రోడ్లూ. దీనికేమో తేమ ఉన్న అడవి కావాలి, చెట్ల మధ్య పురుగులు ఎగిరే సందు కావాలి.

విశాఖ నుంచి 75 కి.మీ. దూరంలోని టైడా మేలు. ఏపీ టూరిజం వారి జంగిల్ బెల్స్ రిసార్టు అడవిని ఆనుకునే ఉంటుంది. కిరండూల్ ప్యాసింజర్ టైడాలో ఆగుతుంది కానీ, అది విశాఖలో బయల్దేరేదే పొద్దున. దిగేసరికి మంచి వెలుతురు పోతుంది. ముందురోజే చేరండి. టిఫిన్ సంగతి రాత్రే చెప్పి పెట్టుకోండి.

సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఆడ సాలీళ్లు బాగా పెద్దవై ఉంటాయి. ఒళ్లే మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు, కాళ్లు చాపితే అరచేయంత. అదే గూట్లో పైవైపు కనిపించే గోధుమరంగు చిన్నది పిల్ల కాదు, మగది. వెండి చుక్కల్లా వేలాడేవి వేరే జాతి సాలీళ్లు, ఇంటావిడ పట్టిన తిండి దొంగిలించే బాపతు. గూడు సగం చిరిగి, సగం కొత్తగా మెరుస్తుంటే పాడుబడిందనుకోకండి. ఈ నెఫిలా గూటిని ఒకేసారి అంతా విప్పదు, సగం సగంగా అల్లుకుంటుంది.

ఫొటోలో ఆటోఫోకస్ గూటిని దాటి వెనక ఆకుల మీదకి పోతుంది. మాన్యువల్‌లో పెట్టి, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించండి. వెనక నీడ ఉండి, ఎండ పక్క నుంచి పడితేనే గూటి పసుపురంగు తేలుతుంది. గూడు కనిపించాలని పౌడరు చల్లకండి, జిగురు పోతుంది.

రాజమండ్రి నుంచి సుమారు 85 కి.మీ. ఉన్న మారేడుమిల్లికైతే రెండు రాత్రులు కావాలి. వలమూరు వైపు వాగుల మీద గూళ్లు వెతకొచ్చు. అవి ఎత్తులో ఉంటే 100 ఎం.ఎం. మాక్రో లెన్సు చాలదు, 300 ఎం.ఎం. ఉండాలి. బొంగులో చికెన్ దగ్గరి జనసందోహం రోడ్డు వరకే, కాస్త లోపలికెళితే ప్రశాంతం. స్థానిక గిరిజన కుర్రాణ్ణి గైడుగా పెట్టుకుంటే ఆ డబ్బుకి న్యాయం జరుగుతుంది. రేటు ముందే మాట్లాడుకోండి. ఏజెన్సీలో మలేరియా ఉంది. నిండు చేతుల చొక్కా, దోమతెర తప్పనిసరి. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకండి.

ఒక్క రాత్రే చేతిలో ఉంటే టైడా. దారికి అడ్డంగా గూడుంటే కర్రతో తోయకుండా వంగి కిందనుంచి వెళ్లండి. బాట దిగి ఆకుల మీద నడవకండి: ఆడది కిందికి దిగి, నేలలో గుంట తీసి, గుడ్లు పెట్టి, పైన ఆకులు కప్పిపోతుంది.