జూనియర్ కాలేజీలో ఆత్మహత్యల నివారణ ట్రైనింగ్: మేం తీసుకున్న రెండింటి మీద నా రివ్యూ

హన్మకొండలో ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆడపిల్లల హాస్టల్లో ఒక ఫ్లోర్ బాధ్యత కూడా నాదే. పోయిన ఏడాది మా మేనేజ్‌మెంట్ పిల్లలు ప్రాణాల మీదికి తెచ్చుకోకుండా చూడాలని రెండు కార్యక్రమాలకు డబ్బు పెట్టింది. మీ కాలేజీకి కూడా ఎవరో ఒకరు బ్రోషర్ పట్టుకుని వస్తారు. వాళ్లను ఏం అడగాలో తెలియడం కోసం ఇది రాస్తున్నాను.

మొదటిది మోటివేషన్ క్లాసు. ఫస్టియర్, సెకండియర్ అందరినీ ఆడిటోరియంలో కూర్చోబెట్టారు. వచ్చినాయన బాగా మాట్లాడాడు, కాదనను. పిల్లలు నవ్వారు, ఈలలు వేశారు. చివర్లో లైట్లు తగ్గించి, మెల్లగా పాట పెట్టి, కళ్లు మూసుకోమని, "మీ అమ్మానాన్నలు మీకోసం ఎంత కష్టపడుతున్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి" అన్నాడు. హాలంతా ఏడుపులు. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో దాదాపు అందరూ బాగుందనే రాశారు. మేనేజ్‌మెంట్ ఫొటోలు పెట్టుకుంది.

ఆ రాత్రి స్టడీ అవర్ అయ్యాక మా ఫ్లోర్లో ఒక పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది. అన్నం తినలేదు. పక్కన కూర్చుంటే చాలాసేపటికి నోరు విప్పింది. "నాన్న ఎకరం అమ్మి ఫీజు కట్టిండు మేడం. నాకేమో మార్కులు వస్తలేవు." ఆ అమ్మాయికి ఆ కార్యక్రమం ఇచ్చింది ధైర్యం కాదు, ఇంకో బరువు. ఇంట్లోవాళ్లకు భారం అయ్యాననుకునే పిల్లలకు తల్లిదండ్రుల కష్టం గుర్తుచేసి ఏడిపించడం మందు కానే కాదు. ఇలాంటి కార్యక్రమాన్ని మీ కాలేజీలోకి రానివ్వకండి.

రెండోది స్టాఫ్‌కి ట్రైనింగ్. ఆడిటోరియం లేదు, మైకు లేదు. ఫిజిక్స్ ల్యాబులో బల్లలు జరిపి కూర్చున్నాం. నడిపినామె ఆస్పత్రిలో ఏళ్ల తరబడి పనిచేసిన సైకియాట్రిక్ సోషల్ వర్కర్. పిల్లవాడు ఉన్నట్టుండి ఎవరితోనూ కలవకపోవడం, నిద్ర తప్పడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, "ఇక నా గురించి మీకు బాధ ఉండదులే" లాంటి మాటలు అనడం, ఇవన్నీ చెప్పింది. అక్కడిదాకా పుస్తకంలోనూ దొరుకుతుంది. అసలు పని ఆ తర్వాత మొదలైంది.

మమ్మల్ని జంటలుగా చేసి, ఒకరు స్టూడెంట్, ఒకరు లెక్చరర్‌గా మాట్లాడమంది. మా మ్యాథ్స్ సార్ ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్న మనిషి. ఆయన అడిగింది ఇది: "ఏంరా, పిచ్చి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" ఆమె ఆపింది. "సార్, మీరు అడిగిన తీరులోనే జవాబు ఉంది. వాడు 'లేవు సార్' అని వెళ్లిపోతాడు. సూటిగా అడగండి." ఆయన మూడు నాలుగుసార్లు మొదలుపెట్టి ఆగిపోయాడు. నోరు రాలేదు. చివరికి, "నాన్నా, నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అన్నాడు. ల్యాబంతా నిశ్శబ్దం. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మాలో చాలామందికి భయం. పుట్టదనీ, చాలామంది పిల్లలకు అడిగినవాళ్లున్నారన్న ఊరట కలుగుతుందనీ ఆమె ఓపిగ్గా చెప్పింది. అవునంటే ఏం చేయాలో కూడా చేయించింది. ఒంటరిగా వదలకూడదు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. ఇంటికి ఫోన్ చేస్తే ముందు మార్కుల ఊసు ఎత్తకూడదు. పిల్ల పక్కనే కూర్చుని టెలి మానస్ 14416కి కలిసి ఫోన్ చేయొచ్చు. అది 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ట్రైనింగ్ నాకు బాగా నచ్చింది. కానీ నచ్చడం వేరు, పనిచేయడం వేరు. యూరప్‌లో పది దేశాల్లో 168 స్కూళ్లలో, పదకొండు వేలకు పైగా పిల్లలతో మూడు పద్ధతుల్ని పరీక్షించారు. ఫలితాలు 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. టీచర్లకు ఇలా గుర్తుపట్టడం నేర్పేది ఒకటి. ప్రశ్నలడిగి వడపోసి, ప్రమాదం కనిపించిన పిల్లల్ని డాక్టర్ల దగ్గరికి పంపేది ఇంకోటి. మూడోది యామ్ (యూత్ అవేర్ ఆఫ్ మెంటల్ హెల్త్). ఇందులో క్లాసులో పిల్లల చేతే సన్నివేశాలు ఆడించి, మనసు బాగాలేనప్పుడు ఏం చేయాలో, స్నేహితుడికి ఎలా సాయపడాలో వాళ్లతోనే మాట్లాడిస్తారు. ఏడాది తర్వాత చూస్తే, పోల్చడానికి పోస్టర్లు మాత్రమే అంటించిన స్కూళ్లలో ఆత్మహత్యకు ప్రయత్నించిన పిల్లలు 1.51 శాతం, యామ్ జరిగిన స్కూళ్లలో 0.70 శాతం. టీచర్ల ట్రైనింగులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ సంగతి ట్రైనర్‌ని అడిగితే ఆమె తడబడలేదు. "అవును మేడం, నేను చేసేది సగం పనే. మిగతా సగం పిల్లలతో చేయాలి" అంది. ఆ ఒక్క జవాబుతో ఆమె మీద గౌరవం పెరిగింది. బ్రోషర్ తెచ్చినవాళ్లని ఇదే అడగండి: ఏడాది తర్వాత ఏం మారిందో ఎలా చూస్తారు? చప్పట్లూ ఫారాలూ చూపిస్తే పంపించేయండి.

మా దగ్గర ఏం మారిందో మేం చూసింది కౌన్సెలర్ రిజిస్టర్‌లో. అంతకుముందు అందులో ఉన్నవాళ్లంతా ఫోన్ దొరికిందనో, గొడవ పడ్డారనో ప్రిన్సిపాల్ పంపినవాళ్లే. ట్రైనింగ్ తర్వాత లెక్చరర్లు మెల్లగా మాట్లాడి తీసుకొచ్చిన పిల్లలు కనిపించారు. ఒకరిద్దరు తమంతట తామే వచ్చారు. ఒక్క కాలేజీ రిజిస్టర్‌తో ప్రాణాలు నిలిచాయని రుజువు కాదు. కానీ అడిగితే చెప్పుకోవచ్చని పిల్లలకు తెలిసిందన్న గుర్తు మాత్రం ఉంది.

లోటు ఎక్కడుందంటే, ఏ ట్రైనింగూ మా టైంటేబుల్‌ని ముట్టుకోలేదు. వీక్లీ టెస్ట్ మార్కులు నోటీసు బోర్డు మీద పెట్టి, వెనకబడినవాళ్లని కింది సెక్షన్‌కి మార్చడం మా దగ్గర ఇంకా జరుగుతోంది. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాల్లో మార్కుల్ని బట్టి బ్యాచులు విడగొట్టొద్దని స్పష్టంగా ఉంది. వందమంది, అంతకంటే ఎక్కువ పిల్లలున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలనీ, స్టాఫ్‌కి ఏడాదికి రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వాలనీ ఉంది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత మన రాష్ట్రంలో ఇరవైమందికి పైగా పిల్లలు పోయారు. అది చూసినవాళ్లం, సెక్షన్ మార్చిన రోజు పిల్ల మొహం ఎలా ఉంటుందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మోటివేషన్ క్లాసుకి ఐదుకి సున్నా. స్టాఫ్ ట్రైనింగుకి మూడున్నర. రాత్రి డ్యూటీ వార్డెన్లనీ, మెస్ అక్కలనీ పిలవనందుకు అర మార్కు, పిల్లలతో క్లాసులు లేనందుకు ఒక మార్కు తగ్గించాను. మెస్ అక్కలకే ముందు తెలుస్తుంది ఎవరి ప్లేటు అలాగే వెనక్కి వస్తోందో. జూన్‌లో కొత్త బ్యాచ్ చేరాక వాళ్లందరికీ తెలుగులో, రాత్రి భోజనాలయ్యాక పెట్టమని అడిగాం. ట్రైనర్ ఒప్పుకుంది. సెక్షన్లు మార్చడం ఆపాలని లెక్చరర్లం సంతకాలు పెట్టి ఇచ్చిన లెటర్ మాత్రం ఇంకా ప్రిన్సిపాల్ గారి దగ్గరే ఉంది.