ఆ ఆకుపచ్చ బటన్ నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగండి

మా అమ్మగారి షుగర్ పరీక్షకు వాడే స్ట్రిప్పులు విజయనగరం గంటస్తంభం దగ్గర మందుల దుకాణంలో అయిపోవడంతో, గత నెల ఒక ఆన్‌లైన్ సైటు తెరిచాను. సరుకు కనబడకముందే సగం తెరను కప్పేస్తూ కుకీల (సైటు మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న ఫైళ్ల) నోటీసు వచ్చింది. 'అన్నీ అంగీకరిస్తున్నాను' అన్న మాట బొటనవేలంత ఆకుపచ్చ బటన్ మీద ఉంటే, 'ఎంపికలు' అన్నది అడుగున బూడిదరంగులో, కళ్లజోడు లేనిదే కనబడనంత సన్నగా ఉంది. వద్దనడానికి బటనే లేదు. తొందరలో ఆకుపచ్చదే నొక్కి, ధర చూపడానికని అడిగిన ఫోన్ నంబరు కూడా ఇచ్చి, ధర నచ్చక ఏమీ కొనకుండానే బయటికి వచ్చాను.

మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మొదట ఆరోగ్య బీమా వారు, ఆ తరువాత 'మీ ఇంట్లో షుగర్ ఉన్నవారున్నారు కదండీ' అంటూ పొడులు అమ్మేవారు. మా అమ్మాయి నా ఫోనులో పాఠం చదువుకుంటుంటే పక్కన మధుమేహం మందుల ప్రకటనలు.

అనుమానం వచ్చి 'ఎంపికలు' తెరిచి చూస్తే, సంప్రదింపు వివరాలను భాగస్వాములతో పంచుకోవడంతో సహా ప్రతి గడిలోనూ ముందే టిక్కు పెట్టి ఉంది. బుట్టలో ఏం వేశామో గుర్తుంచుకోవడానికి సైటు పెట్టుకునే కుకీని నేను తప్పు పట్టను. చిక్కంతా అదే పేజీలో చోటు సంపాదించిన ప్రకటనల సంస్థల కుకీలతోనే. ఆ సంస్థల ప్రకటనలే ఉన్న మరో సైటుకు మనం వెళ్లినా అవి మనల్ని గుర్తుపట్టగలవు. అయితే కుకీకి నా నంబరు దానంతట అది తెలియదు, ఇచ్చింది నేనే.

సమ్మతి రద్దు చేయమని రాస్తే ఆధార్ నకలు పంపమన్నారు! 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమ్మతి స్పష్టమైన చర్యతో ఇచ్చినదై ఉండాలని, ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలని చెబుతోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడినా, ముఖ్యమైన బాధ్యతల అమలుకు సంస్థలకు 18 నెలల గడువిచ్చారు కనుక అంతవరకు మన జాగ్రత్తలో మనముండాలి. కొనేవారిని ఇలా మభ్యపెట్టే 13 రకాల పోకడలను నిషేధిస్తూ 2023 నవంబరులోనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది.

కాబట్టి 'ఎంపికలు' ఎంత చిన్నగా ఉన్నా వెతికి తెరవండి, టిక్కులు తీసేయండి, ధర చూపకుండా నంబరు అడిగితే వెనక్కి వచ్చేయండి. ఇప్పటికే నొక్కి ఉంటే బ్రౌజర్ సెట్టింగుల్లో ఆ సైటు కుకీలను చెరిపేసి, నోటీసును స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. నేను అదే జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ (1915) వెబ్‌సైటులో ఫిర్యాదు చేశాను. ఫిర్యాదు సంఖ్య వచ్చింది కానీ, ఫోన్లు ఇంకా ఆగలేదు.