5కి 4 స్టార్లు: క్యాలెండర్ తీయమనే టాక్స్ ఆఫీసు

మాకు ఓక్లహోమాలో బ్రోకెన్ బో దగ్గర ఒక క్యాబిన్ ఉంది. డాలస్ నుంచి మూడు గంటల డ్రైవ్. ఎయిర్‌బీఎన్‌బీ అనే యాప్‌లో రోజుల లెక్కన అద్దెకిస్తాం, ఖాళీగా ఉన్నప్పుడు మేమే వెళ్తాం. ఆ రెండో ముక్కే మా కొంప ముంచింది.

నిరుడు మా రిటర్న్ వేసినాయన (పేరు చెప్పను) ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అద్దె లెక్క చూపే ఫారం షెడ్యూల్ ఈలో సొంత వాడకం రోజుల గడిలో సున్నా వేసి, 11,000 డాలర్ల నష్టం చూపించి, మా ఆయన జీతంలోంచి తీసేశారు. రిఫండ్ బాగా వచ్చింది కదా అని మేమూ నోరు మెదపలేదు.

ఈ ఏడాది మా పొరుగావిడ చెబితే ఈ ఆఫీసుకి వెళ్లాం. ఇందులో చేసేది ఒక్క మేడమే, గుంటూరు వైపు వాళ్లు. జీతం వివరాల కాగితం డబ్ల్యూ-2 ఇంకా కవర్లో ఉండగానే, "ముందు క్యాలెండర్ తీయండమ్మా. ఏ రోజు ఎవరు పడుకున్నారో చెప్పండి" అన్నారు.

చెప్పాను. అద్దెకి పోయినవి 121 రోజులు. థాంక్స్‌గివింగ్‌కి మేం 4 రోజులు. జులైలో అమ్మానాన్నలతో మా తమ్ముడి కుటుంబం 9 రోజులు. "వాడు యాప్‌లో అందరిలాగే పూర్తి రేటు కట్టాడండీ" అన్నాను గట్టిగా. ఆవిడ నవ్వి, "సెలవులకొచ్చి కట్టినా తమ్ముడు తమ్ముడేనమ్మా, అవి మీ రోజులే" అన్నారు. అమ్మానాన్నలు, పిల్లలు, తోబుట్టువులు ఎవరున్నా అంతేనట. అదే తమ్ముడు సరైన అద్దె కట్టి, దాన్నే తన అసలు ఇల్లు చేసుకునుంటే లెక్క వేరట. మా ఆయన స్నేహితుడికి సగం రేటుకి ఇచ్చిన 3 రోజులు కూడా మావే, ఎందుకంటే మార్కెట్ అద్దె తీసుకోలేదు. మొత్తం 16.

సొంత వాడకానికి హద్దు ఏమిటంటే 14 రోజులు, లేదా అద్దెకి పోయిన రోజుల్లో పదోవంతు. రెంటిలో ఏది ఎక్కువైతే అది. మా పదోవంతు 12 చిల్లర కాబట్టి హద్దు 14. రెండు రోజులు దాటాం. ఇంకో 39 రోజులు అద్దెకి పోయుంటే 160లో పదోవంతు 16, బయటపడేవాళ్లం.

ఒక్క ఊరట మాత్రం దొరికింది. మార్చిలో మా ఆయన 5 రోజులు పొద్దస్తమానం డెక్‌కి రంగు వేసి, లీకులు బాగుచేశారు. పిల్లలూ నేనూ చెరువు దగ్గర తిరిగాం. ఆ 5 రోజులు సొంత వాడకం కిందికి రావట. అయితే రంగు డబ్బాల రసీదులు అడిగి తీసుకున్నారు.

హద్దు దాటితే క్యాబిన్ మనం ఉండే ఇల్లు కింద లెక్క. ఖర్చులు అద్దె వరకే చూపాలి, నష్టం చూపి జీతం మీద పన్ను తగ్గించుకోవడం కుదరదు. అద్దెకొచ్చేవాళ్ల సగటు బస 7 రోజులు దాటకుండా, పనులన్నీ మనమే చూసుకుంటే నష్టాన్ని జీతంలోంచి కొట్టేసుకోవచ్చని పాట్‌లక్ విందుల్లో బిర్యానీ తింటూ అందరూ చెబుతారు. నిజమే. ఈ 14 రోజుల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

మిగిలిన లెక్క కూడా కాగితం మీద వేసి చూపించారు. మొత్తం వాడిన రోజులు 121, 16 కలిపి 137 కాబట్టి కరెంటు, ఇన్సూరెన్స్ లాంటివి 137లో 121 వంతు. అద్దెలోంచి తీసేది ముందు లోన్ వడ్డీ, ప్రాపర్టీ టాక్స్, తర్వాత ఈ నిర్వహణ ఖర్చులు, చివర డిప్రిసియేషన్ (ఇంటి అరుగుదల). అద్దెకి మించిన ఖర్చు వృథా కాదు, వచ్చే ఏడాదికి వెళ్తుంది. వడ్డీని 365 రోజుల మీద పంచే పద్ధతి ఒకటుందట, 1982లో కోర్టు తేల్చిన బోల్టన్ కేసుది. మేం ఖర్చులు విడివిడిగా చూపకుండా అందరికీ ఇచ్చే స్థిర మినహాయింపు, అంటే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటాం కాబట్టి మిగిలే వడ్డీ మాకు ఎందుకూ పనికిరాదని ఆ దారి వద్దన్నారు.

నిరుటి రిటర్న్ కూడా సవరించాం. ఆ ఏడాది మా రోజులు 20, హద్దు 14. ఆ నష్టం ఎగిరిపోయి 2,640 డాలర్లు, పైన వడ్డీ కట్టాం. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ ఎవరితో సరిగా మాట్లాడుకోలేదు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఫోన్ ఎత్తరు. మార్చిలో మూడుసార్లు మెసేజ్ పెడితే నాలుగో రోజు జవాబు. ఓక్లహోమా రాష్ట్రానికి విడిగా వేసే రిటర్న్‌కి వేరే ఫీజు ఉంటుందని బిల్లు చూసేదాకా తెలియలేదు. పార్కింగ్ కూడా నరకం, కింద టిఫిన్ సెంటర్ ఉంది మరి.

జూన్‌లో అమ్మావాళ్లు మళ్లీ వస్తున్నారు. క్యాబిన్ ఫ్రిజ్ మీద క్యాలెండర్ తగిలించాం. ఎర్ర పెన్నుతో మావి ఇప్పటికి 6.